ఆకు ఒక్కటే, చేతులే వేరు: ఊలాంగ్ చాయ్ ముచ్చట

మనం తెలంగాణల 'చాయ్' అంటం. కృష్ణ, గుంటూరు దిక్కు పోతే 'టీ' అంటరు. ఏది అసలు మాట అని ఎవరన్న పంచాయితీ పెడితే ఇద్దరికీ ఒక్కటే జవాబు చెప్పాలె: రెండూ చైనా మాటలే. చైనాల ఎక్కువ ప్రాంతాలల్ల ఆ ఆకును 'చా' అంటరు. ఆ మాట ఒంటెల బాటల మధ్య ఆసియా దాటి, పారసీ నోళ్లల్ల 'చాయ్' అయి మన దాక వచ్చింది. అదే చైనాల ఆగ్నేయ మూలకు, సముద్రం ఒడ్డున ఫుజియాన్ అనే రాష్ట్రం ఉన్నది. అక్కడి జనం భాషల ఆ ఆకు పేరు 'తె'. ఫుజియాన్ వర్తకుల దగ్గర సరుకు కొన్న డచ్చోళ్లు ఆ మాటను ఓడల ఎక్కించుకొని యూరప్ తీస్కపోయిండ్రు. అది ఇంగ్లీషుల 'టీ' అయి, తెల్లోళ్ల వెంబడి మన దేశానికి దిగింది.

ఈ పేర్ల ముచ్చట ఎందుకంటే, మనకు 'టీ' అనే మాట ఇచ్చిన ఆ ఫుజియానే ఊలాంగ్ చాయ్‌కి పుట్టిల్లు. ఇప్పుడు ఆ ఊలాంగ్ మన పోరగాండ్ల ఫోన్లల్లకు వచ్చి కూసున్నది. రంగురంగుల డబ్బ, పక్కన సన్నని నడుము బొమ్మ, 'నెల రోజులల్ల పొట్ట కరుగుతది' అనే మాట. ఇంకో దిక్కు, వేల రూపాయల పింగాణి సామాను పెట్టి, ఇది గొప్పోళ్ల ధ్యానం అన్నట్టు చూపెట్టే వీడియోలు. ఒకడు మందు అని అమ్ముతడు, ఇంకొకడు హోదా అని అమ్ముతడు. అసలు అదేందో, ఎవరు చేస్తరో, ఎట్ల తాగుతరో మాత్రం ఎవ్వడు చెప్పడు. అది చెప్పుకోవాలె. ఎందుకంటే ఊలాంగ్ కథ మొత్తం కష్టం కథ. రుచి ఆకులకెళ్లి రాదు, చేతులకెళ్లి వస్తది అని ఇంత సాఫ్‌గ చూపెట్టే తాగుడు వస్తువు లోకంల ఇంకోటి దొరకుడు కష్టం.

ఒక్క చెట్టు, ఆరు తీర్లు

ముందుగాల ఒక అపోహ తీసేద్దాం. గ్రీన్ టీ చెట్టు వేరు, మామూలు చాయ్‌పత్తి చెట్టు వేరు, ఊలాంగ్ చెట్టు వేరు అనుకుంటరు మస్తు మంది. కాదు. అన్నీ ఒక్క జాతి చెట్టే. కెమెల్లియా సైనెన్సిస్ అంటరు శాస్త్రంల. మామిడిల బంగినపల్లి, తోతాపురి ఉన్నట్టు అందులో రకాలు ఉంటయి, గంతే. కోసినంక ఆకును ఏం చేసిండ్రు అనేదే ఫరకు.

వంకాయ కోసి పెడితే జర సేపట్ల ముక్క నల్లబడతది కదా. కోసినప్పుడు లోపటి కణాలు పగుల్తయి, ఒక ఎంజైము బయటికొచ్చి గాలితోని కలుస్తది, రంగు మారుతది. చాయ్ ఆకుల గుడ అదే జరుగుతది. ఆకు తెంపంగనే వేడి తగిలించి ఆ ఎంజైమును సంపేస్తే ఆకు పచ్చగనే ఉంటది. అది గ్రీన్ టీ. ఆకును బాగ నలిపి, రంగు పూర్తిగ మారేదాక ఇడిస్తే అది మన చాయ్‌పత్తి. మనం దాన్ని బ్లాక్ టీ అంటం, చైనోళ్లు ఎర్ర చాయ్ అంటరు. ఈ రెంటికి నడుమ, ఆకును సగం మారనిచ్చి సరిగ్గ అనుకున్న కాడ ఆపేస్తే ఊలాంగ్. చైనోళ్లు చాయ్‌ని ఆరు తీర్లుగ పంచుతరు: పచ్చ, పసుపు, తెలుపు, ఊలాంగ్, ఎరుపు, నలుపు. ఆరింట్ల చేసేటోని మీద ఎక్కువ బరువు పెట్టేది ఊలాంగే. ఎందుకంటే మొదట్ల ఆపుడు అల్కగ, పూర్తిగ ఇడిసిపెట్టుడు అల్కగ. నడిమిట్ల ఆపుడే కష్టం.

'ఊలాంగ్' అంటే చైనా భాషల నల్ల డ్రాగన్. ఆ పేరు ఎట్ల వచ్చిందో తీరుతీరు కథలు చెప్తరు. అన్‌షీ తాలూకాల చెప్పే కథ ఒకటి మంచిగుంటది. ఒకాయన ఆకు తెంపి బుట్టల ఏసుకొని వస్తుంటే దుప్పి కనపడ్డదట. దాని ఎంబడి పడి, కొట్టి, ఇంటికి తెచ్చి, వండుకొని తిని, ఆకు సంగతి మర్శిపోయిండు. తెల్లారి చూస్తే బుట్టల అటూ ఇటూ ఊగిన ఆకు అంచులు ఎర్రబడి కమ్మటి వాసన వస్తున్నదట. అది కథే. గని ఆ కథల పని మర్మం మొత్తం ఉన్నది: ఊగుడు, ఆగుడు, రాత్రి గడవుడు.

ఇగ రాసిన సాక్ష్యం అడిగితే, 1734ల పూర్తయిన లు టింగ్‌త్సాన్ చాయ్ గ్రంథంల, అంతకు ముందు వాంగ్ త్సావోటాంగ్ అనేటాయన రాసిన ముచ్చట ఎక్కించి ఉన్నది. వుయి కొండల ఆకును వెదురు తట్టలల్ల ఎండకు పెట్టి, తర్వాత వేంచి, నిప్పు సెగకు ఆరబెడతరని, ఆకు సగం పచ్చగ సగం ఎర్రగ ఉంటదని అందులో ఉంటది. అంటే దగ్గర దగ్గర మూడు వందల ఏండ్ల కిందనే ఈ పనితనం నిలబడ్డది.

రాత్రంత మేల్కొని చేసే ఆకు

గ్రీన్ టీకి లేత మొగ్గలు కావాలె. ఊలాంగ్‌కు అవి పనికిరావు. కొన మొగ్గ ఇచ్చుకొని ఆకు అయినంక, మూడు నాలుగు ఆకులున్న కొమ్మను తెంపుతరు. లేత ఆకు ఈ దెబ్బలు తట్టుకోదు, చినిగిపోతది. ముదురు ఆకులనే వాసనకు మూలమైన సరుకు ఎక్కువ. తెంపే రోజు ఎండ ఉండాలె. వాన పడ్డ నాడు తెంపిన ఆకు ఎంత గొప్ప చెట్టుదైనా ఊలాంగ్‌కు అక్కరకు రాదు.

తెంపిన ఆకును ముందు జర సేపు మెత్తటి ఎండల పరుస్తరు. ఆకు వాడుతది. తర్వాత లోపటికి తెచ్చి పెద్ద పెద్ద వెదురు జల్లెడలల్ల పోస్తరు. ఇగ ఇక్కడికెళ్లి అసలు పని. మనోళ్లు చాటల బియ్యం చెరిగినట్టు ఆ జల్లెడను తిప్పుతరు. ఆకులు ఒకదాన్నొకటి రాసుకుంటయి. అంచులకు చిన్న చిన్న దెబ్బలు తగుల్తయి, నడిమి భాగానికి తగలయి. మళ్ల పెట్టేస్తరు. ఒక గంటనో, రెండు గంటలో ఆకు పడుకుంటది. మళ్ల తిప్పుతరు. మళ్ల పెడతరు. ఇట్ల రాత్రంత. ఇప్పుడు మస్తు చోట్ల వెదురు డ్రమ్ములు మోటరుతోని తిరుగుతున్నయి. గని ఎప్పుడు తిప్పాలె, ఎప్పుడు ఆపాలె అనేది మోటరుకు తెల్వది.

ఈ రాత్రిల ఒక వింత జరుగుతది. వాడిపోయి వేలాడిన ఆకు, తిప్పినంక కాడల మిగిలిన నీళ్లు అంచుల దాక పాకి, మళ్ల లేచి నిలబడతది. జర సేపయినంక మళ్ల వాలుతది. సచ్చి బతికినట్టే. లేచుడు, వాలుడు ఇట్ల నాలుగైదు మార్లు, ఒక్కోసారి ఇంక ఎక్కువ మార్లు జరిగేసరికి పచ్చి గడ్డి వాసన పోయి పూల వాసన వస్తది, ఇంకా ఆగితే పండు వాసన వస్తది. ఆకు అంచు ఎర్రగ, నడుమ పచ్చగ అయితది. పాత లెక్కల మూడు పాళ్లు ఎరుపు, ఏడు పాళ్లు పచ్చ. పని తెలిసినోడు గడియారం చూడడు. ఆకును చూస్తడు, ఆ నాటి మబ్బును, గాలిని చూస్తడు, చెయ్యి పెట్టి, ముక్కు పెట్టి చూస్తడు. నిన్నటి లెక్క ఇయ్యాల పనికిరాదు. సీజన్ల వరుసగ ఎన్నో రాత్రులు సరిగ్గ నిద్ర లేకుండ చేసే పని ఇది.

అనుకున్న వాసన వచ్చిందంటే ఇగ ఒక్క నిమిషం ఆలస్యం చేయరు. రెండు వందల డిగ్రీలు దాటిన బాణలిల ఏస్తరు. ఎంజైము సస్తది, మార్పు అక్కడనే ఆగుతది. తర్వాత నలుపుతరు. వుయిల, చావోజౌల ఆకును పొడుగ్గ మెలిపెడతరు. అన్‌షీల బట్టల మూటగట్టి పిసికి పిసికి, ఇప్పి, మళ్ల గట్టి, చిన్న గుండ్ల లెక్క చేస్తరు. తర్వాత ఆరబెట్టుడు. అటెన్క కాడలు ఏరుడు. అన్‌షీ ఊర్లల్ల ఆడోళ్లు కూసొని ఒక్కొక్క గుండు నుంచి కాడ తీసే పని అది. మనూర్ల పల్లికాయలు ఒలిచినట్టే, వేళ్లు కాయలు గాసే పని.

వుయి చాయ్‌కి ఇంకో పని ఉంటది. బొగ్గులు బాగ రాజేసి, మీద బూడిద కప్పి, మంట లేకుండ సెగ మాత్రమే వచ్చేటట్టు చేసి, దాని మీద వెదురు బుట్టలల్ల ఆకు పెట్టి గంటల తరబడి కాస్తరు. మధ్య మధ్యల తిప్పాలె. జర ఎక్కువైతే మాడుతది, తక్కువైతే పచ్చిగుంటది. కొన్ని నెలల ఎడంతోని ఈ కాపుడు మళ్ల మళ్ల చేస్తరు. అందుకే ఎండకాలంల తెంపిన ఆకు అంగట్లకు వచ్చేటాల్లకు చలికాలం దగ్గర పడతది.

మూడు గుట్టలు, మూడు రుచులు

పాత చైనా ఊలాంగ్‌ల పెద్ద పేర్లు మూడు జాగల నుంచి వస్తయి.

మొదటిది ఫుజియాన్ ఉత్తరాన ఉన్న వుయి కొండలు. ఎర్ర రాతి గుట్టలు, వాటి నడుమ లోతు లోతు ఇరుకు లోయలు, రాతి పగుళ్లల్ల మట్టి. అందుకే దీన్ని రాతి చాయ్ అంటరు. దా హోంగ్ పావ్, రౌ గ్వెయ్, ష్వెయ్ షియన్ ఇక్కడివి. రంగు తేనె రంగుకెళ్లి ఎర్ర కావి దాక ఉంటది. మొదటి గుక్కల బొగ్గు సెగ, కాల్చిన గింజల రుచి. మింగినంక గొంతుల ఒక చల్లదనం, ఒక తీపి తిరిగి వస్తది. ఈ తిరిగొచ్చే తీపికి చైనోళ్లకు పేరే ఉన్నది, 'హ్వెయ్ గాన్' అంటరు. మనోళ్లకు ఉసిరికాయ తిని నీళ్లు తాగితే ఎట్లుంటదో ఎరుకే. అది గుర్తు చేసుకోండ్రి, తెలిసిపోతది.

రెండోది ఫుజియాన్ దక్షిణాన ఉన్న అన్‌షీ. ఇక్కడి పేరు టియె గ్వాన్‌యిన్, అంటే ఇనుప గ్వాన్‌యిన్. గ్వాన్‌యిన్ అంటే చైనా బౌద్ధులు మొక్కే కరుణా దేవత. ఈ రకం ఎట్ల దొరికిందంటే రెండు కథలు. ఒక కథల వెయ్ యిన్ అనే రైతు రోజు గ్వాన్‌యిన్‌కు చాయ్ పెట్టేటోడు, దేవత కలలకు వచ్చి చెట్టు చూపెట్టింది. ఇంకో కథల వాంగ్ షిరాంగ్ అనే చదువుకున్న అధికారి దాన్ని కనుక్కొని చక్రవర్తికి పంపిండు. ఒక్క చెట్టుకు ఇద్దరు తండ్రులు: ఒకడు రైతు, ఒకడు అధికారి. ఇయ్యాల్టి దాక ఆ పంచాయితీ తెగలేదు. పేరు ఎవరికి దక్కాలె అనే కొట్లాట ఏ దేశంలనైనా ఒక్కతీరే ఉంటది.

టియె గ్వాన్‌యిన్‌ది పాత తీరు ఏందంటే బాగ తిప్పి, నిప్పు సెగ చూపెట్టిన గోధుమ రంగు చాయ్. గత ముప్పై ఏండ్లల్ల అంగడి దాన్ని మార్చింది. పచ్చగ, పూల వాసనతోని, చూడంగనే తాజాగ అనిపించేది అమ్ముడుపోతున్నదని తక్కువ తిప్పుడు, ఏసీ గదులల్ల చల్లగ పెట్టుడు మొదలైంది. అమ్మకాలు పెరిగినయి, గుట్టలు చెక్కి తోటలు ఏసిండ్రు, చెట్టు కొట్టిన కాడ మట్టి కొట్టుకపోయింది. తర్వాత ఆ మోజు తగ్గి, మళ్ల పాత తీరును ఎతుక్కుంటున్నరు. పత్తి వెనుక, మిర్చి వెనుక ఒక్కటే గుంపుగ ఉరికే మనకు ఈ కథ కొత్తదేం కాదు.

మూడోది ఫుజియాన్ దాటి గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంల, చావోజౌ దగ్గరి ఫీనిక్స్ గుట్ట. ఇక్కడి చాయ్ పేరు దాన్‌త్సోంగ్, అంటే ఒంటి చెట్టు. మంచి చెట్లను గుర్తువట్టి, ఒక్కొక్క చెట్టు ఆకును ఏర్పాటుగ తెంపి, ఏర్పాటుగ చేసే అలవాటు నుంచి ఆ పేరు వచ్చింది. చెట్టు చెట్టుకు వాసన వేరు, ఆ వాసనల మీదనే పేర్లు: తేనె వాసన, నంది వర్ధనం లాంటి పూల వాసన, బాదం వాసన. అందులో పేరుపడ్డ ఒకటి 'బాతు రెట్ట వాసన'. నవ్వకుండ్రి, నిజంగ దాని పేరదే. తన మంచి చెట్టును దొంగలు కన్నేస్తరని ఒక రైతు కావాలని ఆ పేరు పెట్టిండని చెప్తరు. తర్వాత మర్యాదగ వేరే పేరు పెట్టి చూసిండ్రు గని జనం నోట్ల బాతు రెట్టనే నిలిచింది. తాగితే మాత్రం కమ్మటి పూల వాసన.

ఇవిగాక ఫుజియాన్ నుంచి సముద్రం దాటిపోయిన రైతులు తైవాన్‌ల ఇంకో ఊలాంగ్ లోకమే కట్టిండ్రు. అది వేరే రోజు మాట్లాడుకుందాం.

కుంగ్‌ఫూ అంటే కొట్లాట ఒక్కటే కాదు

బ్రూస్‌లీ సినిమాలు చూసినోళ్లకు కుంగ్‌ఫూ అంటే తన్నుడు, గుద్దుడు. అసలు చైనా భాషల ఆ మాటకు అర్థం ఓపికతోని, టైం పెట్టి, చేసి చేసి తెచ్చుకున్న పనితనం. దర్జీకి ఉండొచ్చు, వంటోనికి ఉండొచ్చు. చావోజౌల చాయ్ కలిపే తీరును గుడ 'గోంగ్‌ఫు చా' అంటరు. అదే మాట.

చిన్న కుండనో, మూత గిన్నెనో ఉంటది. గైవాన్ అంటరు. అరచేతిల పట్టేంత, నూరు మిల్లీలీటర్ల నీళ్లు పట్టేది. దాని నిండ ఆకు ఏస్తరు, మసిలిన నీళ్లు పోస్తరు, కొన్ని సెకండ్లల్ల వంపుతరు. కప్పులు రెండు గుక్కలకు సరిపోయేవే. మళ్ల నీళ్లు, మళ్ల వంపుడు. ఒక్క ఆకుతోని ఏడెనిమిది మార్లు. ప్రతి మారు రుచి మారుతది. మొదట నిప్పు, తర్వాత పువ్వు, తర్వాత పండు, ఆఖరికి ఉత్త తీపి నీళ్లు. ఒక్క చాయ్‌ల ఒక ప్రయాణమే ఉంటది.

వంపే తీరు చూడాలె. కప్పులను దగ్గర దగ్గర పెట్టి, కుండను వాటి మీద గుండ్రంగ తిప్పుకుంట పోస్తరు. ఒక కప్పు నింపినంక ఇంకోటి నింపరు. ఎందుకంటే ముందు పడ్డది పల్చగ ఉంటది, ఆఖరుది చిక్కగ ఉంటది. తిప్పుకుంట పోస్తేనే అన్ని కప్పులల్ల ఒక్కతీరు ఉంటది. దీనికి పాత వీరుడు గ్వాన్ యు పేరు మీద 'గ్వాన్ యు ఊరు చుట్టు గస్తీ తిరుగుడు' అంటరు. ఆఖరి బొట్లను ఒక్కొక్క కప్పుల ఒక్కొక్కటి రాలుస్తరు, దానికి 'సేనాపతి హాన్ షిన్ సైన్యాన్ని లెక్కపెట్టుడు' అని పేరు. చిక్కటి బొట్టు గుడ అందరికీ పంచాలె అనేది అందులోని నీతి.

కప్పులు మూడే పెడతరు, మనుషులు ఐదుగురున్నా సరే. నువ్వు తాగు అంటే నువ్వు తాగు అనుకుంట ఒకరికొకరు జరుపుకుంటరు. కప్పు కడిగి మళ్ల పోస్తరు. పోసినోళ్లకు రెండు వేళ్లతోని బల్ల మీద తట్టి థ్యాంక్స్ చెప్తరు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. మన ఫోన్లల్ల చూపెట్టినట్టు ఇది పట్టు బట్టలేసుకున్న గొప్పోళ్ల తంతు కాదు. చావోజౌల బండి రిపేరు దుకాణంల, కిరాణ కొట్టుల, ఇంటి గడప మీద, ఆ పళ్లెం, ఆ మూడు కప్పులు కనపడతయి. గిరాకి వచ్చినోనికి ముందు చాయ్, తర్వాతనే బేరం. అక్కడ చాయ్ ఆకుకు జనం పెట్టుకున్న పేరు 'చాయ్ బియ్యం'. అంటే ఇంట్ల బియ్యం ఎట్ల ఉండాలెనో అదీ అట్లనే ఉండాలె. పేదోడు జర తక్కువ ధర ఆకు కొంటడు, గని కలిపే పనితనం అదే, పంచుకునే మర్యాద అదే. రుచి చూసే హక్కు పైసలున్నోనికే అని అక్కడోళ్లు ఎన్నడూ ఒప్పుకోలేదు.

పేరు ఒకనిది, చెమట ఒకనిది

ఇగ పైసల లెక్కకు వద్దాం. వుయిల ఒక రాతి గోడ మీద ఆరు పాత దా హోంగ్ పావ్ చెట్లు ఉన్నయి. తల్లి చెట్లు అంటరు. 2005ల వాటి ఆకు 20 గ్రాములు వేలంల 2,08,000 యువాన్లకు పోయింది. 20 గ్రాములంటే మూడు మార్లు కలుపుకుంటే అయిపోతది. గ్రాముకు 10,400 యువాన్లు. 2006 నుంచి ఆ చెట్ల ఆకు తెంపుడు ఆపేసిండ్రు. ఆఖరుగ తెంపిన దాంట్ల 20 గ్రాములు 2007ల చైనా జాతీయ మ్యూజియంకు పోయినయి. మరి ఇయ్యాల అంగట్ల 'దా హోంగ్ పావ్' అని అమ్మేదేంది? ఆ చెట్ల కొమ్మలు నాటి పెంచిన తోటలది, లేకపోతే రకరకాల రాతి చాయ్‌లు కలిపిన మిశ్రమం. అందులో తప్పేం లేదు, మంచిగ కలిపితే మంచిగనే ఉంటది. గని 'తల్లి చెట్టు ఆకు' అని ఎవడన్న మీకు అమ్మజూస్తే వాడు దొంగ.

ఆ ధర పేరుకు పలికింది, గుట్టకు పలికింది. చేతికి పలకలేదు. వుయిల ఆకు తెంపెటందుకు పక్క రాష్ట్రం జియాంగ్‌షి నుంచి కూలోళ్లు ఏటేట వలస వస్తరు. తెంపేటోళ్లల్ల ఆడోళ్లే ఎక్కువ. ఆ ఇరుకు లోయలల్లకు బండ్లు పోవు. మొగోళ్లు కావడి ఏసుకొని పచ్చి ఆకు గంపలు మోసుకొస్తరు. కొన్ని వారాల సీజన్, తర్వాత ఇంటి బాట. పాలమూరు వలస ఎరుకైన మనకు ఇది అరటిపండు ఒలిచి చెప్పాల్సిన పని లేదు.

ఆకు కంటె చెయ్యి విలువైందని తెల్లోళ్లకు గుడ తెలిసొచ్చింది. చైనా చాయ్ కొనెటందుకు వెండి పోసి పోసి సాలక, మన దేశంల నల్లమందు పండిచ్చి చైనాకు తోలిండ్రు. వద్దన్నందుకు 1839ల యుద్ధానికి దిగిండ్రు. 1842ల యుద్ధం గెలిచి ఐదు రేవులు తెరిపిచ్చుకుంటే, అందులో రెండు, షియామెన్, ఫుజౌ, ఈ ఫుజియాన్‌వే. తర్వాత ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ ఫార్చూన్ అనే మొక్కల నిపుణుని పంపింది. ఆయన చైనోని ఏషం ఏసుకొని 1849ల వుయి కొండల దాక పోయిండు. వేల మొక్కలు, గింజలు హిమాలయాల తోటలకు తెచ్చిండు. గని మొక్కతోని పని కాలేదు. చాయ్ చేసుడు ఎరుకైన చైనా పనోళ్లను గుడ వెంట తేవాల్సి వచ్చింది. మొక్కను మూటగట్టొచ్చు, పనితనాన్ని మూటగట్టలేరు.

అస్సాంల మన సొంత చాయ్ చెట్టు ఉండనే ఉన్నది. అక్కడ 1930లల్ల సీటీసీ మిషన్ వచ్చింది. ఆకును నలిపి, చింపి, చిన్న చిన్న గుండ్లు చేసే మిషన్ అది. రాత్రంత చేసే పని కొద్ది సేపట్ల అయిపోయింది. చవకగ, చిక్కగ, పాలు చక్కెర తట్టుకునే చాయ్‌పత్తి పుట్టింది. ఇయ్యాల మన ఊరి హోటల్‌ల మసిలేది అదే. దాన్ని నేను తక్కువ చేస్త లేను. పొద్దుగాల నాట్లకు పోయే కూలోళ్లకు అది సత్తువ, నలుగురు కూసొని మాట్లాడుకునే సాకు. గని అది చాయ్‌ల ఒక తీరు మాత్రమే అని తెలిసి ఉండాలె.

మన ఇంట్ల ఎట్ల తాగాలె

పింగాణి సామాను కొనే అక్కర లేదు. మూత పెట్టగలిగే చిన్న గిన్నె, ఒక జాలి, రెండు చిన్న గ్లాసులు చాలు.

నీళ్లు ముఖ్యం. బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువుంటే వాసన అణిగిపోతది, మీద తెట్టు కడతది. ఫిల్టర్ క్యాన్ నీళ్లు వాడుకోండ్రి. నీళ్లు బాగ మసలాలె.

నూరు మిల్లీలీటర్ల నీళ్లకు ఐదు గ్రాముల ఆకు. గుండ్ల తీరుదైతే చెంచన్నర, మెలిపెట్టిన పొడుగు ఆకైతే గిన్నెల సగం దాక. గిన్నెను ముందు వేడి నీళ్లతోని కడిగి, ఆకు ఏసి మూత పెట్టి, ఒక్కసారి ఊపి మూత తీసి వాసన చూడుండ్రి. సగం ఆనందం అక్కడనే ఉన్నది. నీళ్లు పోసి, పొడుగు ఆకైతే పది సెకండ్లు, గుండ్లైతే ఇరవై సెకండ్లు ఆగి, ఒక్క బొట్టు మిగలకుండ వంపేయాలె. నీళ్లు మిగిలితే ఆకు ఉడికి చేదైతది. తర్వాత మారు మారుకు ఐదో పదో సెకండ్లు పెంచుకుంట పోవాలె. పాలు వద్దు, చక్కెర వద్దు. గుక్కను నోట్ల జర సేపు తిప్పి మింగి, ఒక నిమిషం ఆగుండ్రి. గొంతుల ఏమొస్తదో చూడుండ్రి.

గంత ఓపిక లేదా? మూడు గ్రాములు, ఒక పెద్ద గ్లాసు నీళ్లు, మూడు నిమిషాలు. అదీ మంచిగనే ఉంటది.

తాగినంక ఆకును పారేయకుండ ఇప్పి చూడుండ్రి. ఆకులు మొత్తంగ ఉన్నయా, పొడి పొడి ఉన్నదా? అంచున ఎరుపు కనపడుతున్నదా? బాగ కాచిన రాతి చాయ్‌ల, పచ్చ తీరు టియె గ్వాన్‌యిన్‌ల ఎరుపు సరిగ్గ కనపడకపోవచ్చు, గని ఆకు మాత్రం ఆకు లెక్కనే ఉండాలె. మొదటి కప్పుల సెంటు కొట్టినట్టు గుప్పుమని, మూడో కప్పుకే ఏం లేకుండ పోతే అందులో వాసన కలిపిండ్రని అనుమానించాలె. పాల వాసన వచ్చే 'మిల్క్ ఊలాంగ్' పేరు మీద ఈ మోసం ఎక్కువ. చైనా సరుకే కావాలని గుడ లేదు. డార్జిలింగ్‌ల, నీలగిరులల్ల కొన్ని తోటలు ఊలాంగ్ చేస్తున్నయి. కొనేటప్పుడు జాగ పేరు, తెంపిన ఏడాది రాసి ఉన్నదా చూడుండ్రి. యాభై గ్రాముల కంటె ఎక్కువ కొనకుండ్రి. నలుగురు దోస్తులు కలిసి కొంటే ఇంక మంచిది.

మందు అని ఎవడన్న అంటే

ఊలాంగ్ పొట్ట కరిగించే మందు కాదు. చక్కెర, పాలు లేని తాగుడు కాబట్టి రోజుకు నాలుగు కప్పుల తీపి చాయ్ జాగల ఇది తాగితే అంత చక్కెర తగ్గుతది. ఆ లాభం చక్కెర మానినందుకు వచ్చేది, ఆకు మహిమ కాదు. ఇందులో కెఫీన్ ఉంటది. రాత్రి తాగితే నిద్ర పోతది, ఉత్త కడుపుల తాగితే కొందరికి తిప్పుతది. ఇంకో ముఖ్యమైన ముచ్చట: ఏ చాయ్ అయినా బువ్వ తినంగ గని, తిన్న ఎంటనే గని తాగితే ఆకుకూరల, పప్పుల ఉన్న ఇనుమును ఒంటికి పట్టనియ్యది. రక్తం తక్కువున్న ఆడపిల్లలు, బాలింతలు, కడుపుతోని ఉన్నోళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలె. తిండికి, చాయ్‌కి నడుమ ఒక గంట ఎడం ఉంచాలె. గిది చెప్పకుండ 'నడుము సన్నబడతది' అని ఆడపిల్లలకు అమ్మేటోని మాట నమ్మకుండ్రి.

2022ల యునెస్కో చైనా చాయ్ తయారీ పనితనాన్ని మానవ జాతి వారసత్వం కింద లెక్కల రాసింది. రాసింది చెట్టును కాదు, డబ్బను కాదు, ఆకు చేసే పనిని, దాని చుట్టు జనం పెట్టుకున్న అలవాట్లను. ఆ లెక్క సరైంది. ఊలాంగ్ తాగినప్పుడు నోట్లకు వచ్చేది ఒక మనిషి నిద్ర మాని ఆకు పక్కన కూసున్న రాత్రి. దాన్ని మందు అని మింగినా, హోదా అని చూపెట్టినా ఆ మనిషి కనపడడు. మెల్లగ, నలుగురితోని, ఆఖరి బొట్టు దాక సమానంగ పంచుకొని తాగితే కనపడతడు. ధర అడిగేటప్పుడు, ఇందులో తెంపినోళ్లకు ఎంత పోతది అని గుడ అడుగుండ్రి. జవాబు రాకపోయినా అడుగుడు ఆపకుండ్రి. చాయ్‌పత్తి కాడనే గాదు, మన పత్తి, మన మిర్చి, మన బియ్యం కాడ గుడ అడగాల్సిన మాట అదే.